పేరు అడిగిన పిల్లవాడు

మీ పదేళ్ళ కుర్రవాడు ఒక పిట్టను కొట్టి ఇంటికి తెస్తే మీరేం చేస్తారు? నాలుగు చీవాట్లు పెడతారు, లేదా చూసీచూడనట్లు ఊరుకుంటారు. బొంబాయిలో ఒక మేనమామ ఈ రెండూ చేయలేదు.

ఆ పిల్లవాడు తుపాకితో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపుపచ్చని మచ్చ ఉంది. ఇదేం పిట్ట అని మామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. ఒక ఉత్తరం ఇచ్చి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొర విసుగుకోకుండా దాని పేరు చెప్పి, వారు భద్రపరచిన వందలాది పక్షులను చూపించాడు. తుపాకి పట్టిన చేయి నాటి నుండి పుస్తకం పట్టింది.

ఆ బాలుడే సలీం అలీ. 1896లో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని మామ పంచన పెరిగాడు. చదువులో తడబడుతున్న అతనిలోని ఆసక్తిని గుర్తించి జంతుశాస్త్రం వైపు మళ్ళించినవారు సెయింట్ జేవియర్స్ కళాశాలలోని యేసుసభ గురువు ఫాదర్ బ్లాటర్.

ఆయన దారి పూలబాట కాదు. జర్మనీలో శిక్షణ పొంది 1930లో తిరిగి వస్తే ఉద్యోగం లేదు. నిరాశపడి కూర్చోక, సముద్రతీరాన కిహీం గ్రామంలో నెలల తరబడి గిజిగాళ్ళను గమనించాడు. మగపక్షి గూడు సగం అల్లుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షించి మెచ్చితేనే పూర్తి చేస్తుంది. ఆపై మరో గూడు మొదలుపెడుతుంది! 1931లో భార్య తెహ్మినాతో కలిసి నిజాం రాజ్యమంతా తిరిగి పక్షులను పరిశీలించాడు. 1939లో ఆమె మరణించింది. ఆ దుఃఖంలోనూ పని మానలేదు. 1941లో వెలువడిన ఆయన పుస్తకం సామాన్యులకు సైతం పిట్టల పేర్లు నేర్పింది.

పక్షిని కాపాడాలంటే ముందు దాని ఇంటిని కాపాడాలని ఆయన గ్రహించాడు. రాజుల బాతువేటకు పేరుపడిన భరత్‌పూర్ చిత్తడినేల కోసం, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి కోసం గట్టిగా నిలబడ్డాడు. తనకొచ్చిన అంతర్జాతీయ బహుమతి సొమ్మును తన సంఘానికే ఇచ్చేశాడు. 1987లో తొంభయ్యేళ్ళ వయసులో కన్నుమూశాడు.

అంతకు ముందు సంవత్సరమే మన కడప జిల్లాలో ఒక అద్భుతం జరిగింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడిని లంకమల కొండల దాపున ఆ సంఘం పరిశోధకులే కనుగొన్నారు. దారి చూపినవారు స్థానికులు. పగలు దాగి రాత్రి తిరిగే ఆ పక్షికి కావలసింది మహారణ్యం కాదు; మనం పనికిరానిదని కొట్టివేసే ముళ్ళపొదల నేల. దాని కోసం తెలుగుగంగ కాలువ దారిని సైతం మార్చారు. అయినా అది ఈనాటికీ అంతరించిపోయే ప్రమాదంలోనే ఉంది.

కాబట్టి ఊరి చివర తుప్పలను నరికే ముందు, చెరువు పూడ్చే ముందు, అది ఎవరి ఇల్లో ఒక్కసారి ఆలోచించండి. మీ బిడ్డ పిట్ట పేరు అడిగితే విసుక్కోకండి. మీకు తెలియకపోతే తెలిసినవారి వద్దకు పంపండి. ఆ మేనమామ చేసింది అంతే.