జోసెఫ్ బాజల్‌జెట్

సర్ జోసెఫ్ విలియం బాజల్‌జెట్ (1819 మార్చి 28 - 1891 మార్చి 15) లండన్ నగరపు భూగర్భ మురుగునీటి వ్యవస్థకు రూపకల్పన చేసి నిర్మించిన ఆంగ్ల సివిల్ ఇంజనీరు. ఈయన పథకం వలన లండన్‌లో కలరా మహమ్మారి అంతరించింది. పారిశుద్ధ్యం ఖర్చును నగరమంతా కలిసి పన్ను రూపంలో భరించే పద్ధతి కూడా ఈ పథకంతోనే అక్కడ స్థిరపడింది.

తొలి జీవితం

బాజల్‌జెట్ లండన్‌కు ఉత్తరాన ఉన్న ఎన్‌ఫీల్డ్‌లో జన్మించాడు. తండ్రి నౌకాదళ అధికారి. తాత ఫ్రాన్స్ నుండి వలస వచ్చిన దర్జీ. జాన్ మాక్‌నీల్ అనే ఇంజనీరు వద్ద శిష్యరికం చేసి, ఐర్లండ్‌లో ముంపు భూముల నుండి నీటిని తరలించే పనులు నేర్చాడు. 1842లో స్వంతంగా వృత్తి ప్రారంభించాడు. రైలుమార్గాల పని ఒత్తిడి వలన 1847లో ఆరోగ్యం దెబ్బతిన్నది. 1849లో లండన్ మురుగు కాలువల కమిషన్‌లో సహాయ సర్వేయరుగా చేరి, 1852లో దాని ఇంజనీరు అయ్యాడు.

ఆనాటి లండన్ పరిస్థితి

అప్పటివరకు ఇళ్ళలోని మలం ఇంటి క్రింద లేదా పెరటిలో తవ్విన గుంతలలో చేరేది. గుంత ఖాళీ చేయించడానికి ఇంటివారే కూలి చెల్లించాలి. కూలి ఇవ్వలేని పేదల ఇళ్ళలో గుంతలు పొంగి పొర్లేవి. 1848లో ఏర్పడిన కమిషన్ గుంతలు మూయించి ఇళ్ళను మురుగు కాలువలకు కలపాలని ఆదేశించింది. ఆ కాలువలన్నీ థేమ్స్ నదిలో కలిసేవి. నగరంలో చాలామంది త్రాగేది ఆ నది నీరే. 1848-49లో వచ్చిన కలరాకు 14,000 మందికి పైగా, 1853-54లో 10,000 మందికి పైగా మరణించారు.

ఖర్చు ఎవరిది?

1855 నాటి చట్టం ప్రకారం మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ ఏర్పడింది. 1856లో బాజల్‌జెట్ దాని ముఖ్య ఇంజనీరు అయ్యాడు. బోర్డు సభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకొనేవారు కాదు. వెస్ట్రీలనే పేట సభలు, ఇతర స్థానిక సంస్థలు ఎన్నుకొని పంపేవి. పన్ను పెరిగితే తమ పేటలోని ఇంటివారికి జవాబు చెప్పుకోవలసి వస్తుందన్న జంకు ఆ సభలకు ఉండేది.

మురుగును నదిలోకి వదిలే స్థలం నగరానికి మరింత దూరంగా ఉండాలని ప్రభుత్వ మంత్రి బెంజమిన్ హాల్ పట్టుబట్టాడు. అందువలన పెరిగే ఖర్చు లండన్ పన్నుదారులదా, ప్రభుత్వ ఖజానాదా అన్నది తేలక పథకం రెండేళ్ళు ఆగింది.

1858 వేసవిలో నది దుర్వాసన పార్లమెంటు భవనంలోకే వ్యాపించింది. తెరలను సున్నపు క్లోరైడులో ముంచి కట్టినా ప్రయోజనం లేకపోయింది. డిజ్రేలీ ప్రవేశపెట్టిన బిల్లు ఆగష్టు 2న చట్టమైంది. దీని ప్రకారం బోర్డు 30 లక్షల పౌండ్లు అప్పు తీసుకోవచ్చు. దానికి ఖజానా హామీ ఉంటుంది. ఆ అప్పును 40 ఏళ్ళలో తీర్చడానికి ఇంటి అద్దె విలువపై పౌండుకు 3 పెన్నీల పన్ను విధించారు. పౌండుకు 240 పెన్నీలు కనుక ఇది ఎనభయ్యవ వంతు. పన్ను ఇంటి విలువను బట్టి నిర్ణయమైంది కనుక సంపన్నుల పేటలు ఎక్కువ చెల్లించాయి. కూలి ఇచ్చుకోలేని ఇంటి మురుగు కూడా అదే కాలువలో చేరింది.

నిర్మాణం

నదికి సమాంతరంగా సాగే పెద్ద కాలువలు వీధి కాలువల మురుగును దారిలోనే అడ్డగించి, నగరానికి తూర్పున ఉన్న బెక్టన్, క్రాస్‌నెస్ వద్దకు చేరుస్తాయి. ఈ ప్రధాన కాలువల పొడవు 82 మైళ్ళు. వాటికి దాదాపు 31.8 కోట్ల ఇటుకలు పట్టాయి. పల్లపు ప్రాంతాలలో ఆవిరి యంత్రాలతో మురుగును పైకి తోడేవారు. 1865 ఏప్రిల్ 4న వేల్స్ యువరాజు క్రాస్‌నెస్ కేంద్రాన్ని ప్రారంభించాడు. మొత్తం ఖర్చు 40 లక్షల పౌండ్లు దాటింది.

1866లో కలరా మళ్ళీ వచ్చి తూర్పు లండన్‌లో 5,596 మందిని బలిగొన్నది. అక్కడి ప్రజలకు కలుషితమైన నీరు సరఫరా అయింది. ఆ ప్రాంతపు మురుగు ఇంకా కొత్త వ్యవస్థతో కలవలేదు. 1868లో ఆబీ మిల్స్ పంపుల కేంద్రం పనిచేయసాగింది. ఆ తరువాత లండన్‌లో కలరా మహమ్మారి రాలేదు.

ఆల్బర్ట్ (1869), విక్టోరియా (1870), చెల్సీ (1874) నదీ కట్టలు కూడా ఈయన నిర్మాణాలే. విక్టోరియా కట్ట క్రింద మురుగు కాలువతో పాటు భూగర్భ రైలుమార్గం కూడా సాగింది.

లోపాలు

ఈ పథకం మురుగును శుద్ధి చేయలేదు, దూరంగా తరలించింది. 1878 సెప్టెంబరు 3న ప్రిన్సెస్ ఆలిస్ అనే పడవ ఈ కాలువలు నదిలో కలిసే చోటికి సమీపంలో మునిగి 600 మందికి పైగా మరణించినప్పుడు ఈ విషయం తీవ్ర చర్చకు వచ్చింది. 1887 నుండి మడ్డిని వేరుచేసి ఓడలలో సముద్రానికి తరలించసాగారు. ఆ పద్ధతి 1998లో ఆగిపోయింది.

చివరి రోజులు

బాజల్‌జెట్‌కు 1875లో సర్ బిరుదు లభించింది. 1889లో బోర్డు రద్దై లండన్ కౌంటీ కౌన్సిల్ ఏర్పడినప్పుడు పదవీ విరమణ చేశాడు. 1891లో వింబుల్డన్‌లో మరణించాడు. 1901లో విక్టోరియా కట్టపై స్మారకం నెలకొల్పారు.

ఈయన కట్టిన కాలువలు నేటికీ పనిచేస్తున్నాయి. 1989లో ఈ సేవ ప్రైవేటు సంస్థ అయిన థేమ్స్ వాటర్ చేతికి వెళ్ళింది. పెద్ద వానలకు కాలువలు పొంగి నదిలో కలవకుండా నిర్మించిన 25 కిలోమీటర్ల టైడ్‌వే సొరంగం 2025లో పూర్తిగా అనుసంధానమైంది. దాని ఖర్చు వినియోగదారుల మురుగునీటి బిల్లుల ద్వారా వసూలవుతున్నది.