ఆచార్య సతీష్ ధవన్

జయము కలిగినపుడు ముందునకు వచ్చి నిలుచువారు పెక్కండ్రు కలరు. అపజయము కలిగినపుడు అట్లు నిలుచువారు అరుదు. ఆ అరుదైనవారిలో ఆచార్య సతీష్ ధవన్ గారొకరు. పులికాటు సరస్సు చెంత శ్రీహరికోటయందలి రాకెట్టు ప్రయోగకేంద్రము వారి పేరనే వెలయుచున్నది. ఆ కేంద్రము పేరు మన బాలబాలికలు తఱచుగా వినుచునే యుందురు గాని, ఆ పేరుగల మహనీయుని చరిత్ర నెఱిగినవారు కొలదిమందియే.

ధవన్ గారు 1920 వ సంవత్సరము సెప్టెంబరు 25 వ తేదీన కాశ్మీరమందలి శ్రీనగరమున జన్మించిరి. లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున చదివి, గణిత భౌతికశాస్త్రములలో బి.ఏ. పట్టమును, ఆంగ్ల సాహిత్యమున ఎం.ఏ. పట్టమును, 1945 లో యంత్రశాస్త్రమున ఇంజనీరు పట్టమును గడించిరి. లెక్కలు వచ్చినవారికి సాహిత్యము అక్కఱలేదని తలంచు విద్యార్థులు ఈ మూడు పట్టములను గమనింతురు గాక.

పిమ్మట అమెరికాకు వెడలి, 1947 లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున విమానశాస్త్రమునందు ఎం.ఎస్. పట్టమందిరి. అటుపై కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో హాన్స్ లీప్‌మన్ అను ఆచార్యునికడ పరిశోధన సల్పి, 1951 లో డాక్టరు పట్టమును బడసిరి. మన కాలువలలో పడవ సాగునపుడు నీరు దాని ప్రక్కలను ఒరసికొనుచు వెనుకకు లాగును గదా. ఆకాశమున సాగు విమానమును గాలియు అట్లే లాగును. మిక్కిలి స్వల్పమైన ఆ ఒరపిడిని లెక్కలచే ఊహించుటతో తృప్తినొందక, సున్నితమైన సాధనముచే నేరుగా కొలుచుటయే వారి పరిశోధన.

ఆ యేడే స్వదేశమునకు మరలి బెంగుళూరులోని భారత విజ్ఞానశాస్త్ర సంస్థలో ప్రవేశించిరి. 1955 లో అచటి విమానశాస్త్రశాఖకు ముఖ్యులైరి. 1962 మొదలు 1981 వఱకు ఆ సంస్థకే డైరెక్టరుగా నుండిరి. శబ్దముకంటె వేగముగా గాలిని పాఱించి నమూనాలను పరీక్షించు వాయుసొరంగమును వారచట అల్పవ్యయముతో నిర్మించిరి.

1971 డిసెంబరు 30 వ తేదీన మన అంతరిక్ష పరిశోధనకు మూలపురుషులగు విక్రమ్ సారాభాయి గారు హఠాత్తుగా మరణించిరి. ఆ భారమును వహింపుమని ప్రధానమంత్రి ఇందిరాగాంధి గారు ధవన్ గారిని కోరిరి. తాము విద్యాసంస్థను విడువకుండుటకును, అంతరిక్షశాఖ ముఖ్యకార్యాలయము బెంగుళూరున నుండుటకును అంగీకారమును బడసిన పిదపనే వారు 1972 లో ఆ పదవిని స్వీకరించిరి. 1984 వఱకు దానిని నిర్వహించిరి.

శ్రీహరికోటను ప్రయోగస్థలముగా నెన్నుటకు కారణము కలదు. భూమి పడమరనుండి తూర్పునకు తిరుగుచున్నది. అచటనుండి తూర్పుగా రాకెట్టును విడిచినచో, భూభ్రమణమువలన సెకనుకు సుమారు 450 మీటర్ల వేగము దానికి ఊరకయే లభించును. క్రింద సముద్రముండుటచే, అది పడిపోయినను గ్రామములకు ముప్పు లేదు.

1979 ఆగస్టు 10 వ తేదీన 22 మీటర్ల పొడవును 17 టన్నుల బరువును గల ఎస్.ఎల్.వి.-3 అను రాకెట్టును అచటనుండి విడిచిరి. రెండవ అంచెను అదుపులో నుంచు యంత్రభాగమున దోషమేర్పడి, కొలది నిమిషములలోనే అది బంగాళాఖాతమున గూలెను. ఏండ్లతరబడి పలువురు పడిన శ్రమ నీటిపాలయ్యెను. ఆ పథకమునకు నాయకులు ఏ.పి.జె. అబ్దుల్ కలాము గారు. పత్రికలవారు ప్రశ్నింప గుమిగూడినపుడు, ధవన్ గారు కలాము గారిని ముందునకు నెట్టక, తామే నిలిచి, ఆ వైఫల్యమును తమదిగా నొప్పుకొని, తమవారియందు తమకు నమ్మకము కలదని తెలిపిరి. పదునొకండు మాసములు గడచెను. 1980 జూలై 18 వ తేదీన అట్టి రాకెట్టే 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యయందు నిలిపెను. ఆనాడు మాత్రము పత్రికలవారితో మాటాడుటకు ధవన్ గారు కలాము గారినే పంపిరి. ఈ సంగతిని కలాము గారు తమ జీవితాంతము వఱకు విద్యార్థులకు చెప్పుచుండిరి.

ఈ శాస్త్రమువలన మన తీరవాసులకేమి లాభమని యడుగవచ్చును. 1977 నవంబరు 19 న దివిసీమను ఉప్పెన ముంచి వేలకొలది ప్రాణములను బలిగొనెను. నిరంతరము మన సముద్రములను కనిపెట్టియుండు స్వంత ఉపగ్రహము నాడు మనకు లేదు. ధవన్ గారి కాలముననే, 1982 లో, ఇన్సాట్-1ఎ ఉపగ్రహము పైకేగి కొలది నెలలకే చెడిపోయెను. 1983 లో అమెరికా వ్యోమనౌక ద్వారా పంపబడిన ఇన్సాట్-1బి చక్కగా పనిచేసి, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునుండి మేఘముల చిత్రములను పంపసాగెను. అయినను 1996 నవంబరు 6 న తుపాను కోనసీమను పాడుచేసినపుడు పెక్కు ప్రాణములు పోయెను. పైనుండి చూచుట యొక్కటియే చాలదు. ఆ వార్త సకాలమున రేవులోని పడవవానికి చేరవలెను.

పదవీవిరమణానంతరము ధవన్ గారు పక్షుల గమనమును పరిశీలించుచు, దానినిగూర్చి గ్రంథమును రచించిరి. మన కొల్లేటివలెనే పులికాటు సరస్సునకును గూడబాతులు మున్నగు పక్షులు వచ్చును. రెక్కయాడింపక గాలిపై తేలు పక్షియును విమానశాస్త్రజ్ఞునికి గురువే కదా! 2002 జనవరి 3 వ తేదీన వారు దివంగతులైరి. ఆ సంవత్సరమే శ్రీహరికోట కేంద్రమునకు వారి పేరిడిరి.

విద్యార్థులారా! మీలో నెందఱు రాకెట్లను నిర్మింతురో చెప్పజాలము. కాని ఆటలో జట్టునకో, తరగతికో, గృహమునకో మీరెల్లరు ఎప్పుడో యొకప్పుడు పెద్దలు కాకతప్పదు. ఆనాడు తప్పు జరిగినచో చిన్నవారి వంక వ్రేలు చూపకుడు. మేలు జరిగినచో వారిని ముందు నిలుపుడు. ధవన్ గారి విద్య కొందఱికే అలవడును. ఈ గుణము అందఱును అలవఱచుకొనదగినది.