నల్లమలలో నడిచిన వియన్నా మనిషి

సెమిస్టర్ పరీక్షలు అయిపోతే చాలు, మన హాస్టల్ గ్రూపుల్లో ఒకటే ముచ్చట. మల్లెలతీర్థం పోదామా, ఫరహాబాద్ సఫారీ బుక్ చేద్దామా, లేకపోతే చైత్ర పౌర్ణమి దాకా ఆగి సలేశ్వరం లోయలోకి దిగుదామా అని. మాది అచ్చంపేట దగ్గర ఊరు కాబట్టి దారి ఎట్లా, ఎక్కడ ఆగాలి అని అందరూ నన్నే అడుగుతారు. చెప్తుంటాను. ఈ సంచికలో మాత్రం ఆ దారుల్లో మనకంటే చాలా ముందు నడిచిన ఒక మనిషి గురించి చెప్పాలనుకున్నాను.

ఆయన పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. పలకడానికే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఫ్రెండ్స్‌కు ఈ పేరు కొత్త కాదు. పాలమూరు, నల్లగొండ వాళ్లమే పెద్దగా పట్టించుకోలేదు. నిజానికి హైదరాబాద్ రాజ్యంలో ఆయన పని మొదలైంది మన అమ్రాబాద్ గుట్టల మీదే.

హైమెండార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. అక్కడి యూనివర్సిటీలోనే మానవశాస్త్రం చదివారు. డాక్టరేట్ కోసం అస్సాం, బర్మా కొండల్లోని తెగల గురించి రాశారు. అప్పటికి ఆయన ఇండియాలో అడుగే పెట్టలేదు. లైబ్రరీలో కూర్చుని పూర్తిచేసిన థీసిస్ అది. తర్వాత లండన్ వెళ్లి మలినోవ్‌స్కీ సెమినార్లలో కూర్చున్నారు. ఒక సమాజం గురించి రాయాలంటే వాళ్ల మధ్యనే ఉండాలి, వాళ్ల మాట నేర్చుకోవాలి, వాళ్ల పొయ్యి మీదకు తిండి ఎట్లా వస్తుందో రోజూ చూడాలి అన్నది ఆ గురువు పద్ధతి. మన లెక్కన థియరీ అయిపోయింది, ఇక ల్యాబ్ అన్నమాట. 1936లో నాగా కొండలకు వెళ్లి కొన్యాక్ నాగాలతో ఏడాది పాటు ఉన్నారు. 1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లి చేసుకున్నారు. ఆమెను అందరూ బెట్టీ అనేవాళ్లు.

అదే 1938లో ఆస్ట్రియాను హిట్లర్ జర్మనీలో కలిపేసుకున్నాడు. దాంతో ఈయన చేతికి జర్మన్ పాస్‌పోర్ట్ వచ్చింది. 1939లో భార్యాభర్తలిద్దరూ మళ్లీ ఇండియా వచ్చారు. అంతలో రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశపు పౌరుడు. పట్టుకున్నారు. కానీ జైల్లో పెట్టలేదు, నిజాం రాజ్యం దాటి పోవద్దని కట్టడి చేశారు. 82 వేల చదరపు మైళ్ల జైలు అనుకోండి. ఇంకొకరైతే హైదరాబాద్‌లో ఏదో ఒక బంగళాలో కూర్చుని యుద్ధం ఎప్పుడు ముగుస్తుందా అని పేపర్ చూసుకుంటూ ఉండేవాళ్లేమో. ఈయన మాత్రం ఆ రాజ్యంలో ఎవరూ సరిగా చూడని మనుషులు ఎక్కడున్నారో వెతుక్కున్నారు. అట్లా 1940లో అమ్రాబాద్ చేరారు.

ఇప్పుడు మనం మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి, వట్వర్లపల్లి, దోమలపెంట మీదుగా కారులో పాటలు వింటూ శ్రీశైలం పోతున్నాం. అప్పుడు పై గుట్టల మీద పెంట నుంచి పెంటకు కాలిబాటే గతి. పెంట అనగానే నవ్వకండి, చెంచుల గూడేన్ని అట్లాగే అంటారు. నాలుగైదు గుడిసెలుంటే అదొక పెంట. హైమెండార్ఫ్, బెట్టీ ఆ పెంటల మధ్య నడిచారు, ఉన్నారు, ఫొటోలు తీశారు, ప్రతిదీ రాసుకున్నారు. ఆ ఫొటోలు ఇప్పటికీ లండన్‌లోని సోయాస్ కాలేజీ భండారంలో ఉన్నాయి.

చెంచులంటే విల్లంబులు, వేట అని మనకు ఒక బొమ్మ అలవాటైంది. ఆయన చూసింది వేరు. రోజువారీ కడుపు నింపేది వేట కాదు, నేలలోని గడ్డలు. కొసకు ఇనుప మొన బిగించిన కర్రతో ఆడవాళ్లూ మగవాళ్లూ తవ్వి తెచ్చుకునే గడ్డలు, పండ్లు, ఇప్పపువ్వు. ఇంట్లో ఆడమనిషి సంపాదన మగవాడి సంపాదనకు తక్కువేం కాదు, ఆమె మాటా తక్కువ కాదు. కృష్ణ లోయ అంచున కొండచరియలకు పట్టిన తేనె తీయడమైతే ప్రాణంతో పని. మోకు కట్టుకుని చరియ మీద నుంచి కిందికి దిగాలి. పైన ఆ మోకు పట్టుకునేవాడు బావమరిది అయ్యుండాలని చెంచుల్లో చెప్తారు. చెల్లెలి బతుకు ఆ తాడుకే వేలాడుతుంటే ఏ అన్న వదిలేస్తాడు? సేఫ్టీ ఇంజనీరింగ్‌లో ఇంతకంటే గట్టి డిజైన్ నేనింకా చదవలేదు. అడవిలో ఏది దొరికినా గారెల మైసమ్మ దయ అనుకునేవాళ్లనీ ఆయన రాశారు. ఇదంతా 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకంగా వచ్చింది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది వేరే ముచ్చట. పైకి ఖాళీగా కనపడే ఆ అడవిలో ఏ గుట్ట ఏ పెంటవాళ్లది, ఏ వాగు దాకా ఎవరి హద్దు అన్నది చెంచులకు స్పష్టంగా తెలుసు. కాగితం లేదు, అంతే. హైమెండార్ఫ్ ఆ సంగతి అర్థం చేసుకుని, అడవిలో కొంత భాగాన్ని చెంచులకే వదిలేయాలని నిజాం ప్రభుత్వానికి రిపోర్ట్ ఇచ్చారు. సుమారు లక్ష ఎకరాలు చెంచు రిజర్వ్‌గా ఏర్పడింది.

ఇట్లాంటిదే ఇంకోటి భూమికి అవతలి వైపు ఉంది. కరీబియన్ సముద్రంలో డొమినికా అనే అగ్నిపర్వతాల దీవి. అక్కడ ట్రెక్కింగ్ చేసేవాళ్ల కోసం సుమారు 185 కిలోమీటర్ల కాలిబాట వేశారు. వైటుకుబులి ట్రైల్ అంటారు. కొలంబస్ కంటే ముందు నుంచీ ఆ దీవిలో ఉన్న కలినాగో ప్రజలు పెట్టుకున్న పేరే వైటుకుబులి. ఆ ప్రజలకు 1903లో బ్రిటిష్ పాలనలో 3,700 ఎకరాలు వదిలారు. ఆ కాలిబాట వాళ్ల నేల మీదుగా కూడా పోతుంది. కలినాగో వాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, తమ నాయకుణ్ణి తామే ఎన్నుకుంటారు. టూరిస్టుకు అది ఎవరి ఊరో తెలుస్తుంది. మన దగ్గర సఫారీ జీపు ఎక్కినవాళ్లలో ఎందరికి తెలుసు, తాము చూస్తున్నది ఒకరి ఇల్లని?

అమ్రాబాద్ తర్వాత హైమెండార్ఫ్ గోదావరి వైపు కొండరెడ్ల దగ్గరికి, అక్కడి నుంచి ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను నిజాం బలగాలు చంపాయి. ఆ తిరుగుబాటుకు మూలం భూమి అని ఆయన ప్రభుత్వానికి చెప్పారు. 1943లో మార్లవాయిలో గోండు పిల్లల కోసం బడి, గోండు టీచర్లకు శిక్షణ మొదలయ్యాయి. పాఠాలు గోండి భాషలోనే. తర్వాత నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశారు, ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. 1951లో సోయాస్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1953 నుంచి నేపాల్ షెర్పాల మధ్య తిరిగారు. బెట్టీ అన్ని చోట్లా పక్కనే ఉన్నారు. దక్షిణాసియా మానవశాస్త్రం మీద వచ్చిన రచనలన్నిటికీ ఆమె తయారుచేసిన గ్రంథసూచి మూడు సంపుటాలు. కంప్యూటర్ లేని రోజుల్లో ఒక డేటాబేస్ అది.

1976లో రిటైరయ్యాక మళ్లీ ఇక్కడికే వచ్చారు. తాను 1940లో చూసిన పెంటలను దాదాపు నలభై ఏళ్ల తర్వాత చూశారు. గోండులకు దక్కిన భూములు బయటివాళ్ల పాలవుతున్నాయి. చెంచులేమో తమ అడవిలోనే అటవీ శాఖ అనుమతి కోసం చూసే కూలీలయ్యారు. 1982లో వచ్చిన పుస్తకంలో ఇదంతా దాచకుండా రాశారు. తాను ఇచ్చిన సలహా గెలిచిందని చెప్పుకోలేదు.

ఆయన మీద విమర్శ లేకపోలేదు. నిజాం కొలువులో ఉండి, పాలకులకు నచ్చేంత వరకే మాట్లాడారని అంటారు. అందులో కొంత నిజముంది. భీమ్ తుపాకీ పట్టి అడిగిందే ఈయన ఫైలులో రాశారు, భీమ్‌కు తూటా దక్కింది, ఈయనకు పదవి దక్కింది. కానీ ఆ ఫైలు కూడా లేకపోతే ఆ పెంటల హద్దులు ఎవరి లెక్కల్లోనూ ఉండేవి కావు.

బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. తర్వాత ఆయన అస్థికలనూ తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఇద్దరినీ తలుచుకుంటారు.

మన అమ్రాబాద్‌లో అట్లాంటి గుర్తేమీ నాకు కనపడలేదు. సమాధి లేకపోతే లేదు, ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది. ఇప్పుడది నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం. కోర్ ఏరియాలోని కొన్ని పెంటలను బయటికి పంపే ఆలోచనలు నడుస్తున్నాయి. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు జనమంతా లేచారు, అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. పులి ఉండాలి, నేనూ కాదనను. అయితే వందల ఏళ్లుగా పులితో కలిసి బతికినవాళ్లను ముందు లేపి, వారాంతం టూరిస్టులకు గేటు తీయడం ఏ లెక్కో నాకు అర్థం కాదు. పోవాలో ఉండాలో చెంచులే చెప్పాలి, మనం వినాలి.

ఈసారి నల్లమల పోయేవాళ్లు రూటు అడగండి, తప్పకుండా చెప్తాను. ప్లాస్టిక్ తీసుకెళ్తే వెనక్కి తెచ్చుకోండి. తేనె కొంటే బేరమాడకండి, అది ఏ చరియ మీద నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలుసు. పెంట దగ్గర ఫొటో తీసే ముందు ఒక మాట అడగండి, అది వాళ్ల వాకిలి.