వెన్నలో తేలిన విషం - రేచెల్ కార్సన్ కథ

1958 జనవరిలో రేచెల్ కార్సన్‌కి ఓ స్నేహితురాలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మసాచుసెట్స్‌లో ఆవిడ తన ఇంటి చుట్టూ ఉన్న స్థలాన్ని పిట్టల కోసమే వదిలేసింది. దోమల మందంటూ విమానంలోంచి డి.డి.టి. చల్లారు. దాంతో పెరట్లో పిట్టలు చచ్చి పడ్డాయి. దీన్ని ఆపించే మార్గం ఏదైనా ఉందేమో కనుక్కోమని ఆవిడ బాధ.

రేచెల్‌కి అప్పటికి యాభై ఏళ్లు. 1907లో పెన్సిల్వేనియాలోని స్ప్రింగ్‌డేల్‌లో పుట్టింది. తల్లి మరియా పెళ్లితో పంతులమ్మ ఉద్యోగం మానేసి, ఆ చదువంతా కూతురికే ధారపోసింది. చేయి పట్టుకుని అడవిలో తిప్పి పిట్టల్నీ పురుగుల్నీ చూపించేది. రేచెల్ రచయిత్రి కావాలని కాలేజీలో చేరి, జీవశాస్త్రం వైపు మళ్లింది. 1935లో తండ్రి పోయాడు. మత్స్యశాఖలో ఉద్యోగం చేస్తూ ఇల్లు నడిపింది. అక్క చనిపోతే ఆమె ఇద్దరు కూతుళ్లూ వీళ్ల ఇంటికే వచ్చారు. పెళ్లి ఊసే లేదు. రాత్రుళ్లు కూర్చుని రాసేది, తల్లి టైపు చేసి పెట్టేది. 1951లో సముద్రం గురించి రాసిన పుస్తకంతో పేరూ డబ్బూ వచ్చాయి. మరుసటేడు ఉద్యోగం వదిలేసింది.

ఉత్తరం వచ్చిన తర్వాత నాలుగేళ్లు డాక్టర్లనీ శాస్త్రవేత్తలనీ అడుగుతూ, రిపోర్టులు తిరగేస్తూ గడిపింది. ఆమె రాసిన వాటిలో మన ఆడవాళ్లకి వెంటనే అర్థమయ్యేది పాల సంగతి. ఎండుగడ్డిలో పది లక్షల వంతులకి ఏడెనిమిది వంతుల డి.డి.టి. ఉందనుకోండి. ఆ గడ్డి మేసిన ఆవు పాలలో మూడు వంతులుంటుంది. తగ్గిందిలే అనుకుంటాం. అవే పాల నుంచి తీసిన వెన్నలో 65 దాకా వెళ్లొచ్చు! ఈ మందు కొవ్వులో పేరుకుంటుంది మరి. తల్లిపాలలోనూ కనిపించింది. కూరలంటే ఉప్పునీళ్లలో కడుక్కుంటాం, వెన్నని ఏం కడుగుతాం?

మందులన్నీ మానేయమని ఆమె అనలేదు. ఏం చల్లుతున్నామో, దాని ఫలితమేమిటో తెలుసుకుని చల్లమంది. అంతే.

ఇంట్లో పరిస్థితి వేరు. అక్క కూతురు 1957లోనే పోయింది. అయిదేళ్ల ఆమె కొడుకు రోజర్‌ని రేచెల్ దత్తత తీసుకుంది. 1958 చివర తల్లి పోయింది. 1960లో తనకి రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయింది. జబ్బు సంగతి డాక్టరు మొదట సరిగా చెప్పనే లేదు. తెలిశాక తనే అందరి దగ్గరా దాచింది. ఆ కోపంతోనే ఇదంతా రాసిందని కంపెనీలు అంటాయని భయం.

1962 సెప్టెంబరులో 'సైలెంట్ స్ప్రింగ్' వచ్చింది. మందుల కంపెనీలు విరుచుకుపడ్డాయి. ఒక కంపెనీ కోర్టుకెళతామని బెదిరించింది. పిల్లలు లేని పెళ్లికాని ఆడదానికి రాబోయే తరాల గొడవ దేనికని వెక్కిరించిన వాళ్లూ ఉన్నారు. రోజర్‌కి అన్నం పెట్టి పడుకోబెట్టింది ఎవరో వాళ్లకేం తెలుసు! 1963లో అధ్యక్షుడు కెనెడీ సలహా సంఘం ఆమె ఆందోళనని చాలావరకు సమర్థించింది. ఆ జూన్‌లో, జుట్టు రాలిన తల మీద విగ్గు పెట్టుకుని, సెనేట్ కమిటీ ముందు కూర్చుని సాక్ష్యం చెప్పింది.

డి.డి.టి.ని అమెరికా 1972లో నిషేధించింది. మన దేశంలో 1989లో పొలాల్లో వాడకం ఆపించారు. ఇవేవీ ఆమె చూడలేదు. 1964 ఏప్రిల్ 14న కన్నుమూసింది. రోజర్‌కి అప్పుడు పన్నెండేళ్లు.