ఇమ్రోజ్ సంపాదకులు షోయబుల్లాఖాన్

నిజాం కాలంలో హైదరాబాదు సంస్థానపు రాజభాష ఉర్దూ. కచేరీ కాగితం, న్యాయస్థానపు తీర్పు, 1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధన, అన్నియు ఆ భాషలోనే సాగేవి. జనాభాలో సుమారు సగంమందికి మాతృభాష తెలుగు అయినప్పటికీ ప్రభుత్వంతో మాట్లాడాలంటే తెలుగువాడు ఉర్దూ నేర్వవలసి వచ్చేది. సభ జరుపుకొనడానికి సైతం సర్కారు అనుమతి కావాలని శాసించిన గస్తీ నిషాన్ 53 సంగతి చరిత్ర విద్యార్థులు ఎరిగినదే. ఇందువలన ఉర్దూ అనగానే అది ప్రభువుల భాష, ప్రభువుల మతస్థుల భాష అనే అభిప్రాయం ఆ రోజులలో పలువురిలో పాతుకొనిపోయినది. ఆ అభిప్రాయం ఎంత అసంపూర్ణమైనదో తెలుసుకొనగోరే వారు షోయబుల్లాఖాన్ గారి జీవితాన్ని పరిశీలించాలని మేము భావిస్తున్నాము. ఒక వైపు నుండి తెలుగువారు, మరొక వైపు నుండి ఉర్దూ వారు పుటలు తిప్పే ఇటువంటి సంచికలో ఆయనను తలచుకొనడం ఉచితమే కదా.

షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరు 17న నాటి వరంగల్లు జిల్లా మహబూబాబాదు ప్రాంతంలోని సుబ్రవేడు గ్రామంలో జన్మించారు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు ఉద్యోగి. కుమారుడు ఉస్మానియాలో పట్టభద్రుడైనాడు. ఆ పట్టా చేతబట్టుకొని సర్కారు కొలువు కోరితే దొరకని రోజులు కావవి. అయినను ఆయన స్వల్ప వేతనానికి పత్రికా రచనను ఎన్నుకొన్నారు. మొదట తేజ్ పత్రికలో పనిచేశారు. నిర్భయమైన రాతలు ప్రభుత్వానికి రుచించక ఆ పత్రిక నిషేధానికి గురియైనది. పిదప ఆయన రయ్యత్ పత్రికలో చేరారు.

ఇక్కడ ఒక విశేషాన్ని పాఠకులు గమనించాలి. రయ్యత్ ఉర్దూ పత్రిక. దాని సంపాదకులు మందుముల నరసింగరావు గారు తెలుగువారు, ఆంధ్రోద్యమ నాయకులలో ఒకరు. రైతుల గోడును పాలకుల చెవికి సోకే భాషలో చెప్పడానికే ఆయన ఉర్దూను ఎన్నుకొన్నారు. సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక 1926 నుండి తెలుగు ప్రజల మేల్కొలుపునకు చేసిన సేవ సాటిలేనిది. అయితే అధికారి బల్ల మీదికి, నగరంలోని ముస్లిం మధ్యతరగతి ఇంటిలోనికి సూటిగా ప్రవేశించగలిగినది ఉర్దూ పత్రికయే. షోయబుల్లాఖాన్ ఈ సూక్ష్మాన్ని నరసింగరావు గారి కార్యాలయంలోనే ఆకళించుకొన్నారని మా ఊహ. రయ్యత్‌ను కూడ ప్రభుత్వం మూయించినది.

1947 నవంబరులో, బూర్గుల రామకృష్ణారావు గారి వంటి పెద్దల తోడ్పాటుతో, ఆయన స్వయంగా ఒక దినపత్రికను స్థాపించారు. దానికి ఇమ్రోజ్ అని పేరిడినారు. ఇమ్రోజ్ అనగా ఈ రోజు. సంస్థానం ఎటు పోవాలన్న ప్రశ్న ప్రతి ఇంటిలోను రగులుతున్న ఆ దినాలకు అంతకంటె తగిన పేరు వేరొకటి లేదు. ఆ నెల 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక కుదిరినది. కాని గ్రామాలలో రజాకార్ల దౌర్జన్యం ఆగలేదు సరికదా, మిక్కుటమైనది.

ఇమ్రోజ్ వారిని పేరుపెట్టి విమర్శించినది. పగలు పాలించే ప్రభుత్వం వేరు, రాత్రి పాలించే ప్రభుత్వం వేరు అన్న భావంతో 1948 జనవరిలో ఆయన రచించిన సంపాదకీయం ప్రసిద్ధం. దోపిడీలను చూస్తూ ఊరకుండే పాలకులకు అందులో వాటా ఉన్నదని ఆయన తాత్పర్యం. హైదరాబాదు భారతదేశంలో విలీనం కావడమే ముస్లింలతో సహా ప్రజలందరికీ క్షేమమని ఆయన నమ్మారు, నమ్మినదే వ్రాశారు. ఆ సంవత్సరం ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇదే అభిప్రాయంతో విడుదల చేసిన ప్రకటనను ఇమ్రోజ్ ప్రచురించినది.

ఇటువంటి మాటలనే కాంగ్రెసువారు, కమ్యూనిస్టులు అప్పటికే అనేకమార్లు చెప్పియున్నారు. వాటిని శత్రువుల ప్రచారమని కొట్టివేయడం రజాకార్లకు సులభమే. ఒక ముస్లిం యువకుడు, ఉస్మానియా విద్యావంతుడు, చక్కని ఉర్దూలో అదే మాట వ్రాసినప్పుడు ఆ సాకు చెల్లదు. తాము ఎవరి పేరిట మాట్లాడుతున్నామని చెప్పుకొనేవారో ఆ జనమే ఆ భాషలో ఆ పత్రికను చదువుతున్నారు. ఆయన పై అంతటి క్రోధానికి అసలు కారణం ఇదేనని మా అభిప్రాయం.

బెదిరింపులు వచ్చినవి. మిత్రులు జాగ్రత్త చెప్పారు. తమకు వ్యతిరేకంగా లేచే చేతులు తెగిపడాలని రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ బహిరంగ సభలోనే ప్రకటించాడు. షోయబుల్లాఖాన్ మాత్రం రాత్రివేళ కార్యాలయం నుండి నడచి ఇంటికి పోయే అలవాటును మానుకొనలేదు.

1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటిన పిమ్మట ఆయన బావమరిది ఇస్మాయిల్‌ఖాన్‌తో కలసి కాచిగూడలోని లింగంపల్లి చౌరస్తా సమీపంలో నడచి వస్తుండగా హంతకులు చుట్టుముట్టారు. తుపాకితో కాల్చి, పడిపోయిన వాని చేయి నరికివేశారు. అడ్డుపడిన ఇస్మాయిల్‌ఖాన్ చేయి కూడ తెగినది. ప్రాణం తీయడానికి తుపాకి చాలును. చేయి నరకడం నగరంలోని తక్కిన విలేఖరులందరికీ పంపిన హెచ్చరిక. తెల్లవారునప్పటికి షోయబుల్లాఖాన్ కన్నుమూశారు. ఆయనకు ఇంకను ఇరువదియెనిమిది ఏండ్లు నిండలేదు. వృద్ధులైన తల్లిదండ్రులు, గర్భవతియైన భార్య మిగిలారు.

ఆ తరువాత ఇరువదియారు దినాలకు, సెప్టెంబరు 17న, నిజాం సైన్యం లొంగిపోయినది. ఇమ్రోజ్ కోరిన విలీనం జరిగినది. దానిని గురించి వ్రాయడానికి ఇమ్రోజ్ సంపాదకులు లేరు. ఖాసిం రజ్వీ బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష అనుభవించి 1957లో పాకిస్తానుకు వెళ్లిపోయాడు. షోయబుల్లాఖాన్ భౌతికకాయాన్ని గోషామహల్ ప్రాంతంలోని ఖబరస్తానులో ఖననం చేశారు.