తానీషా

హైదరాబాదు పాతబస్తీలో షా రాజు అను సూఫీ గురువు సమాధి కలదు. పదునేడవ శతాబ్దమున ఆ గురువు నొద్ద అబుల్ హసన్ అను యువకుడు శిష్యుడై యుండెను. అతడు రాజవంశమునకు దూరపు బంధువే గాని, సింహాసనమున కర్హుడని యెవరును తలపలేదు. గురువు ముద్దుగా బెట్టిన తానీషా యను పేరుననే లోక మతని నెరుగును.

ఆ రాజవంశము కుతుబ్షాహీ వంశము. దాని మూలపురుషుడు సుల్తాన్ కులీ పారశీక దేశమునుండి వచ్చి బహమనీ సుల్తానుల కొలువున జేరి, పరాక్రమముచే తెలంగాణమున కధిపతి యయ్యెను. బహమనీ రాజ్యము క్షీణింపగా, 1518లో గోలకొండలో స్వతంత్ర రాజ్యమునకు పునాది వేసెను. అతని మనుమడు మహమ్మదు కులీ 1591లో మూసీ యొడ్డున హైదరాబాదు నగరమును, చార్మినారును నిర్మించెను. గోలకొండ వజ్రముల కీర్తి దేశదేశముల వ్యాపించెను. సంపద పెరిగిన కొలది మొగలు చక్రవర్తుల దృష్టియు దానిపై బడెను. 1636లో గోలకొండ వారికి కప్పము గట్ట నంగీకరింపవలసి వచ్చెను.

నాటి సుల్తాను అబ్దుల్లాకు పుత్రసంతానము లేదు. అతని మూడవ కుమార్తెకు నిశ్చయమైన వివాహము కలహమువలన తప్పిపోగా, అబుల్ హసనును వరునిగా నెంచిరి. 1672లో అబ్దుల్లా మరణించెను. ఫకీరు శిష్యుడు గోలకొండ సుల్తాను అయ్యెను.

తానీషా మతభేదము పాటింపలేదు. తెలుగు బ్రాహ్మణుడగు మాదన్నను మంత్రిగా నియమించి, అతని యన్నయగు అక్కన్నకును గొప్ప యధికార మిచ్చెను. 1677లో శివాజీ హైదరాబాదునకు రాగా గౌరవించి మైత్రి నెరపెను. భద్రాచల రామదాసు చెర, విడుదల ఈతని కాలపు గాథలే. అయితే అతడు వినోదప్రియుడు. రాజ్యభారమును మంత్రులకు విడిచెను. అందువలన వారిపై అసూయ పెరిగెను.

1685లో మొగలు సైన్యము హైదరాబాదును కొల్లగొట్టెను. తానీషా గోలకొండ కోటలో తలదాచుకొనెను. మాదన్నను తొలగింపవలెనని మొగలులు పట్టుబట్టిరి. తానీషా జాగు చేసెను. 1686లో విరోధు లా సోదరుల నిద్దరిని వీధిలో చంపించిరి. అంతటితో ఆపద తీరలేదు. మరుసటి యేట ఔరంగజేబు స్వయముగా వచ్చి గోలకొండను ముట్టడించెను.

ఎనిమిది నెలలు కోట లొంగలేదు. మొగలులు పెట్టిన మందుపాతరలు ప్రేలి వారినే బలిగొనెను. వానలు, కరవు వారిని పీడించెను. ఔరంగజేబు ధనాశ చూపి గోలకొండ సర్దారులను తనవైపు త్రిప్పుకొనసాగెను. అబ్దుల్ రజాక్ లారీ యను వీరుడు మాత్ర మా యాశకు లొంగలేదు. 1687 సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ యను ద్రోహి కోట తలుపు తెరచెను. లారీ శత్రువుల నెదిర్చి, ఒడలెల్ల గాయములై పడిపోయెను. అతని స్వామిభక్తికి మెచ్చి ఔరంగజేబే వైద్యులను పంపి బ్రతికించెను.

తానీషా కలత చెందలేదు. తన్ను బంధింప వచ్చినవారిని మర్యాదతో నాదరించి, వేళకు భుజించి, వారివెంట వెడలెనని చరిత్రకారులు వ్రాసిరి. దౌలతాబాదు కోటలో బందీగా శేషజీవితము గడపి, అచ్చటనే తనువు చాలించెను.

గోలకొండ చెంత కుతుబ్షాహీ సుల్తానుల సమాధులు నేటికిని కలవు. వానిలో తానీషా సమాధి లేదు. అతడు దూరమున ఖుల్దాబాదులో నిద్రించుచున్నాడు. ఆ వంశమువారు ఆరంభించిన మక్కామసీదును 1694లో ఔరంగజేబు పూర్తి చేయించెను. ఫిరంగులు కూల్చలేని కోటను ఒక ద్రోహి చేయి శత్రువుల పాలు చేసెను. రాజ్యము పోయినను తానీషా ధైర్యము మాత్రము పోలేదు.