సాధన ముందు, సాధనం వెనుక

అమెరికాలోని సియాటిల్ నగరంలో 1942 నవంబరు 27న ఒక పేద కుటుంబంలో జిమి హెండ్రిక్స్ జన్మించాడు. బాల్యంలో చీపురుకట్టనే గిటారుగా భావించుకొని తీగలు మీటినట్లు అభినయించేవాడు. తండ్రితో కలిసి చెత్త తొలగించే పనికి వెళ్ళినప్పుడు దొరికిన ఒంటితీగ యుకులేలే అతని తొలి వాద్యం. సుమారు 15 ఏళ్ళ ప్రాయంలో 5 డాలర్లకు ఒక పాత గిటారు లభించింది. ఎడమచేతి వాటం గలవాడగుటచేత కుడిచేతివారి గిటారును తిరగవేసి, తీగలు మార్చి వాయించాడు. స్వరలిపి చదవడం రాకున్నా, ఇతరుల వాదనం విని గంటల తరబడి అభ్యసించాడు.

1961లో సైన్యంలో చేరి, మరుసటి ఏడు బయటికి వచ్చాడు. పిదప లిటిల్ రిచర్డ్, ఐస్లీ సోదరుల వంటి గాయకుల వెనుక నిలిచి వాయిస్తూ పొట్టపోసుకున్నాడు. 1966లో లండన్ చేరిన తరువాతనే కీర్తి లభించింది.

పాదంతో నొక్కి నాదాన్ని మార్చే పెడళ్ళను అతడు ఎంచుకున్న తీరు గమనింపదగినది. నాదానికి గరుకుదనం కావలెనంటే ఫజ్ ఫేస్. మనిషి గొంతువలె పలకవలెనంటే వా-వా. పై స్థాయి స్వరం తోడు కావలెనంటే రోజర్ మేయర్ రూపొందించిన ఆక్టేవియా. 1967 నాటి 'పర్పుల్ హేజ్'లో ఆక్టేవియా నాదం వినవచ్చును. అవి చేరేనాటికే అతని వేళ్ళకు సుమారు ఎనిమిదేళ్ళ సాధన ఉన్నది.

మితిమీరిన నిద్రమాత్రల కారణంగా 1970 సెప్టెంబరు 18న లండన్‌లో 27 ఏళ్ళకే కన్నుమూశాడు. అతని అంతం మనకు హెచ్చరిక, అభ్యాసం ఆదర్శం. పెడళ్ళు నేడు అంగళ్ళలో లభిస్తాయి. ఆ ఎనిమిదేళ్ళను మాత్రం ప్రతి విద్యార్థీ స్వయంగా ఆర్జించుకోవలసినదే.